నొక్కడానికేమీ లేని నోటీసు

లోకంలో ఎవరూ చదవని రాతలు చాలానే ఉన్నాయి. మందు సీసా పెట్టెలో మడతపెట్టి కుక్కే కాగితం ఒకటి, లిఫ్టులో ఎంతమంది ఎక్కాలో చెప్పే బోర్డు ఒకటి, కొత్త మిక్సీతో పాటు వచ్చి అట్టపెట్టెతోనే చెత్తలోకి పోయే పుస్తకం ఒకటి. వీటన్నిటినీ తలదన్నేది ఇంకొకటుంది. మనం కంప్యూటరు ముందు ఏదో పనిలో తలమునకలై ఉండగా తెర మూలన మొలిచి, మీ బ్రౌజరులో ఒక భద్రతా లోపం ఉండేది, సరిచేశాం, కాస్త అప్‌డేట్ చేసుకోండి బాబూ అని బతిమాలే నాలుగు వాక్యాల నోటీసు. దాన్ని చదివిన పుణ్యాత్ముడు ఎవరైనా ఉంటే చెయ్యెత్తవచ్చు. మనమైతే చదవం. ఇంటూ గుర్తు మీద ఒక్క నొక్కు నొక్కి సాగనంపుతాం.

ఆ నాలుగు వాక్యాలనూ ఎవరో ఒకరు కూర్చుని రాస్తారనీ, ఆ మనిషికి కూడా ఒక కుర్చీ, ఒక తల్లి, ఒక వెన్నునొప్పి ఉంటాయనీ మనకు ఎందుకు తోస్తుంది? ఉంటాయి. ఆ రాసే మనిషిని ఆఫీసులో చాటింపమ్మ అంటారు. నలభై దాటిన మనిషి, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని బల్లంతా వెతుక్కునే రకం. ఎన్నో ఏళ్ళుగా ఆ బ్రౌజరు తయారుచేసే కంపెనీలో నోటీసులు రాయడమే ఆమె ఉద్యోగం.

ఆ పని బయటికి కనిపించినంత తేలిక కాదు. అదే ఆఫీసులో చిల్లుల బాబాయి అని ఒక ఇంజనీరు ఉన్నాడు. బ్రౌజరులో ఎక్కడ చిల్లు పడిందో పట్టుకోవడం ఆయన పని. చిల్లు దొరికిన రోజు ఆయన టీ కప్పు పట్టుకుని ఏమీ మాట్లాడకుండా వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడతాడు. అంతే, అక్కడి నుంచి ఇద్దరి నోళ్ళకూ తాళం. చిల్లు పూడ్చి, ఆ పూడ్చిన బ్రౌజరు జనానికి అందేదాకా బయట ఒక్క మాట పొక్కకూడదు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెతను ఆ ఆఫీసులో నమ్మినట్టు ఇంకెక్కడా నమ్మరు. తీరా చెప్పే రోజు వచ్చాక కూడా సగమే చెప్పాలి. కిటికీ గడియ వదులైందని చెప్పాలి, ఏ కిటికీయో చెప్పకూడదు. ఎందుకంటే నోటీసును జనం చదవకపోయినా దొంగలు చదువుతారు. నిజం ఒప్పుకోవాలంటే, చాటింపమ్మ రాతలకు శ్రద్ధగల పాఠకులు దొంగలొక్కరే.

పైగా మాటమాటకూ తగవు. లోపం అంటే ఇంజనీర్లకు కోపం. పొరపాటు అంటే లాయర్లకు భయం. ప్రమాదం అంటే మేనేజరుకు దడ. ఇందరినీ దాటుకుని, ఎవరినీ నొప్పించకుండా, ఎవరినీ బెదరగొట్టకుండా ఆమె నాలుగు వాక్యాలు పూర్తిచేసి బయటికి వదిలితే, జనం వాటిని చూడకుండానే మూసేస్తారు. ఇంత భాగ్యానికి ఆమె ప్రతిసారీ కామా ఎక్కడ పెట్టాలా అని గోళ్ళు కొరుక్కుంటుంది. పిచ్చి ముండ అనుకోండి, ఆ పనంటే ఆమెకు ప్రాణం.

ఇంట్లో ఉండేది ఆమె, వాళ్ళమ్మ. ఆ తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊరందరి గుట్టూ చెవిన పడుతున్నా పెదవి విప్పలేదు. ఒక్క రాంగ్ నంబరు కలపలేదని ఆమెకు గొప్ప. అన్నేళ్ళు బిగబట్టుకున్న మాటలన్నీ రిటైరైన మర్నాటి నుంచి వడ్డీతో సహా బయటపడ్డాయి. ఇప్పుడు ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. చుట్టాలు, పాత ఆపరేటర్లు, అపార్ట్‌మెంట్ వాళ్ళు, వాళ్ళ వాళ్ళ వియ్యాలవారు, అందరూ ఆవిడ ఫోనులో గ్రూపులు గ్రూపులుగా కొలువై ఉన్నారు. ఆవిడ వాయిస్ మెసేజ్ పెడితే వినని వాళ్ళు లేరు. ఆ గొంతు అలాంటిది. ఆ గొంతుతో వర్షం పడుతోందని చెబితే మండుటెండలో కూడా గొడుగు తెచ్చుకుంటారు.

మా అమ్మాయి కంప్యూటర్లు తయారు చేస్తుందని ఆవిడ అందరికీ చెప్పుకుంటుంది. చాటింపమ్మ దాన్ని ఏనాడూ దిద్దలేదు. అందరూ మూసేసే నాలుగు వాక్యాలు రాయడమే నా ఉద్యోగమమ్మా అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఇక పెద్దమ్మ సంగతి చెప్పాలి, అది తెలియకపోతే తరవాతిది అర్థం కాదు. పెద్దమ్మ అంటే చాటింపమ్మ తల్లికి స్వయానా అక్క. కొంతకాలం కిందట ఆవిడ కంప్యూటరులో ఎర్రటి పెట్టె ఒకటి వచ్చి, మీకు ప్రమాదం, వెంటనే ఇక్కడ నొక్కండి అంది. నొక్కింది. ఆవిడ మెయిలు దొంగల చేతికి పోయింది. వాళ్ళు ఆవిడ పేరుతో బంధువులందరికీ రాయకూడనివన్నీ రాశారు. ఒకరి మీద ఒకరికి చాడీలు, లేని జబ్బులు, కావలసిన సాయాలు. మెయిలు తిరిగి వచ్చింది గానీ పరువు రాలేదు. ఇప్పటికీ పెద్దమ్మ నిజంగా పలకరిస్తూ రెండు ముక్కలు రాస్తే, ఇది నువ్వేనా అని ఫోను చేసి అడుగుతారు. ఆవిడ రాయడమే మానుకుంది.

అప్పుడు చాటింపమ్మ తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పింది. "ఎర్రగా ఉంటే దొంగ. తొందరపెడితే దొంగ. ఇక్కడ నొక్కమంటే గజదొంగ. చూసిన వెంటనే మూసెయ్. నీకు తెలిసిన నలుగురికీ చెప్పు." తల్లి దాన్ని వంటపట్టించుకుంది. వంటపట్టించుకోవడమంటే అలా ఇలా కాదు, పక్కింటి వాళ్ళ చేత కూడా అప్పజెప్పించుకునేది.

సరే. ఒక వారం చిల్లుల బాబాయి టీ కప్పు పట్టుకుని వచ్చాడు. వచ్చి నిలబడ్డాడు గానీ టీ తాగడం లేదు. అప్పుడే చాటింపమ్మకు అర్థమైంది, ఇది చిన్న చిల్లు కాదు.

"ఒక ట్యాబులో మెయిలు తెరిచి ఉందనుకో," అన్నాడాయన గొంతు తగ్గించి, "పక్క ట్యాబులో దొంగ సైటు తెరిచావనుకో. అది గోడ దూకి మెయిలు చదివేస్తుంది. నీ పేరుతో జవాబులు కూడా రాసేస్తుంది."

"ఎవరికైనా తెలుసా?"

"ఒకడెవడో వాసన పట్టినట్టున్నాడు. పూడ్చేశాం, రేపు పొద్దున వదులుతాం. వదిలాక మిగతావాళ్ళు కూడా పూడ్చిన చోటు చూసి చిల్లు ఎక్కడో కనిపెట్టేస్తారు. సాయంత్రంలోపు జనం అప్‌డేట్ చేసుకోకపోతే, చేసుకోని వాళ్ళంతా పెద్దమ్మలే."

పెద్దమ్మ కథ ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ మాట వినగానే చాటింపమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. అన్నేళ్ళుగా ఆమె మెత్తగా, మర్యాదగా, బూడిదరంగు పెట్టెల్లో రాసింది. ఈసారి మాత్రం అలా కుదరదనుకుంది. పెట్టెకు ఎర్ర రంగు వేయించింది. మీకు ప్రమాదం అని మొదలుపెట్టింది. వెంటనే అన్న మాట రెండుసార్లు వాడింది. కింద అరచేయంత బటన్ పెట్టించి, దాని మీద ఇక్కడ నొక్కండి అని రాసింది. లాయర్లు తల ఊపారు, మేనేజరు భేష్ అన్నాడు. తాను తల్లికి ఏది చూస్తే మూసెయ్యమని నేర్పిందో అచ్చంగా దాన్నే తయారుచేశానని ఆమెకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు. అంతా చదువుకున్నవాళ్ళే మరి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి తల్లి వంటగదిలో బఠానీలు ఒలుస్తోంది. కూతురి ముఖం చూసి చేతిలోది పక్కన పెట్టింది.

"ఏమే, అలా ఉన్నావు? ఆఫీసులో ఏమైనా జరిగిందా?"

"ఏం లేదమ్మా."

"కంప్యూటర్లకు ఏమైనా వచ్చిందా?"

"ఏమీ రాలేదు. వస్తే నీకు చెప్పనా?"

మొదటి మాట ఉద్యోగధర్మం. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున నోటీసు వెళ్ళింది. ఆఫీసులో పెద్ద తెర ఒకటి ఉంది. దాని మీద అప్‌డేట్ చేసుకున్నవాళ్ళ లెక్క ఒక పచ్చగీతగా కనిపిస్తుంది. గీత లేచింది. చాటింపమ్మ కళ్ళజోడు నెత్తిమీద నుంచి ముక్కు మీదికి దించి చూసింది. గీత ఇంకా లేచింది. మేనేజరు రెండో టీ తెప్పించాడు. టీ వచ్చేసరికి గీత ఆగింది. తాగేసరికి పడుకుంది. అంత ఎర్ర నోటీసు పెట్టినా పాత బూడిదరంగు నోటీసుల రోజుల కంటే కిందనే పడుకుంది.

కాసేపటికి సహాయ కేంద్రం నుంచి ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "సార్, ఒకటే ఫోన్లు. మన కంపెనీ పేరుతో ఎవరో దొంగ నోటీసు పంపుతున్నారట, జాగ్రత్తగా ఉండమని మనకే చెబుతున్నారు."

అంతలో మేనేజరు ఫోను మోగింది. చూసి ముఖం మాడ్చుకున్నాడు. "మా ఆవిడ. ఏదో వాయిస్ మెసేజ్ పంపింది, తప్పకుండా వినమంది." గట్టిగా పెట్టాడు.

గది నిండా ఒక గొంతు పరుచుకుంది. గంట కొట్టినట్టు స్పష్టంగా, ఒక్క అక్షరం జారకుండా.

"అందరూ శ్రద్ధగా వినండి. ఈ ఉదయం నుంచి కంప్యూటర్లలో ఎర్ర పెట్టె ఒకటి వస్తోంది. అది ఎర్రగా ఉంది, కాబట్టి దొంగ. తొందరపెడుతోంది, కాబట్టి దొంగ. నొక్కమంటోంది, కాబట్టి గజదొంగ. నా కూతురు కంప్యూటర్లు తయారుచేసే ఆఫీసులోనే ఉంది. నిన్న సాయంత్రమే అడిగాను. ఏమీ రాలేదు, వస్తే నీకు చెప్పనా అంది. ఇంకేం కావాలి? చూసిన వెంటనే మూసెయ్యండి. తెలిసిన నలుగురికీ చెప్పండి."

మేనేజరు ఫోను బల్ల మీద పెట్టాడు.

"ఏం గొంతండీ," అన్నాడు చిల్లుల బాబాయి. "నాకే మూసెయ్యాలనిపిస్తోంది."

"ఎవరీవిడ? ఎక్కడ పట్టుకోవాలి?" అన్నాడు మేనేజరు. "ఆ కూతురుందే, ఆ కూతుర్ని అనాలి. వేరే కంపెనీ అయి ఉంటుంది. మన దగ్గర అంత తెలివితక్కువ వాళ్ళు లేరు."

చాటింపమ్మ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది. కాసేపు అలాగే కూర్చోవచ్చునేమో అనుకుంది. కానీ గీత పడుకునే ఉంది. ఆ గీత కింద ఉన్నవాళ్ళలో వాళ్ళమ్మ కూడా ఉంది. సాయంత్రానికి ఆ గొంతు గల మనిషి పేరుతో దొంగలు ఊరందరికీ ఏం రాస్తారో తలచుకుని ఆమె లేచి నిలబడింది.

"మా అమ్మండి," అంది.

చిల్లుల బాబాయి నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక బల్లను పట్టుకున్నాడు, పట్టుతప్పి చక్రాల కుర్చీతో సహా గోడదాకా వెళ్ళిపోయాడు. సహాయ కేంద్రం అమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుంది. మేనేజరు మాత్రం నవ్వలేదు, ఎందుకంటే తెలివితక్కువ అన్న మాట ఇంకా గాల్లోనే ఉంది.

"సరే, మంచిదే కదా," అన్నాడు చివరికి. "మీ అమ్మగారే కాబట్టి, ఆవిడ చేతనే ఇంకో ముక్క చెప్పించండి. మొదటిది పొరపాటని."

"మీరు మా అమ్మను చూడలేదు సార్. అన్న మాట వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు."

"ఈసారి పోవాలి మరి. సాయంత్రంలోపు."

ఆమె బస్సెక్కింది. ముందు సీట్లో ఇద్దరు ఒకే ఫోను మీద తలలు వంచి వాళ్ళమ్మ గొంతు వింటున్నారు. చెప్పుల దుకాణం ముందు ఒకాయన తన ఫోను చెవికి ఆనించుకుని, గజదొంగ అట అని లోపలికి కేకేశాడు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పై అంతస్తు ఆవిడ చాటింపమ్మ చెయ్యి పట్టుకుని, "మీ అమ్మగారు లేకపోతే ఈపాటికి మునిగిపోయేవాళ్ళమండీ," అంది. మునిగింది ఎవరో, ఎప్పుడు తేలుతారో చాటింపమ్మకే తెలుసు. ఎన్ని నోటీసులు రాసినా ఇంత వేగంగా ఇంతమందికి ఆమె మాట చేరలేదు. ఏడవాలో మెచ్చుకోవాలో తెలియక లిఫ్టులో తనలో తనే కిసుక్కున నవ్వింది. పై అంతస్తు ఆవిడ కొంచెం జరిగి నిలబడింది.

ఇంట్లో తల్లి మహా వైభోగంలో ఉంది. ఒక చెవికి ఫోను, ఎదురుగా తెరిచిన కంప్యూటరు. కూతుర్ని చూసి, ఉండమన్నట్టు వేలు చూపించి, అవతలి మనిషితో ముగించింది.

"వచ్చావా, మంచిపని చేశావు. ఇదిగో చూడు, నీకు చూపించాలనే ఇది ఒకటి మూయకుండా ఉంచాను. ముట్టుకోలేదులే." తెర వైపు చెయ్యి చూపించింది. "ఏం రాశారో చూడు. వెంటనే అట. మళ్ళీ వెంటనే అట. మనిషి ఊపిరి పీల్చుకోవద్దా? ఏ తల్లి కన్నదో గానీ, ఇది రాసినదానికి బొత్తిగా బుద్ధి లేదే."

"నువ్వే."

"నేనేంటి?"

"కన్నది నువ్వేనమ్మా."

తల్లి తెర వైపు చూసింది, కూతురి వైపు చూసింది. "నువ్వు కంప్యూటర్లు తయారు చేస్తావు కదా?"

"లేదు. నేను ఇవే రాస్తాను."

"ఇవే అంటే?"

"అందరూ మూసేసేవి."

"ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ."

తల్లి మెల్లిగా కుర్చీలో కూర్చుంది. "ఎన్ని మూసేశానే తల్లీ నీవి," అంది. ఎన్నడూ అంత చిన్నగా మాట్లాడని మనిషి అంత చిన్నగా అనేసరికి చాటింపమ్మ వచ్చి ఆ కుర్చీ ఎదురుగా నిలబడింది. సిగ్గుపడ్డ సంగతి బయటపడ్డాక ఒళ్ళు ఇంత తేలికవుతుందని తెలిస్తే ఎప్పుడో చెప్పేది.

కానీ ఆ తల్లి అంత తొందరగా లొంగే మనిషి కాదు. ఒక్క క్షణంలో వెన్ను నిటారుగా చేసుకుంది.

"అయితే నిన్న ఏమీ రాలేదన్నావు."

"అన్నాను."

"వచ్చింది."

"వచ్చింది. అప్పటికి చెప్పకూడదు. చెబితే దొంగలకు ముందే తెలిసిపోతుంది."

"సరే. నిన్న అబద్ధం చెప్పిన నోరు ఇవాళ నిజం చెబుతోందని నాకేంటి నమ్మకం? నువ్వే కదా నేర్పావు, దొంగలు అయినవాళ్ళ పేరుతోనే వస్తారు, గొంతు విని కూడా నమ్మొద్దు అని."

"ఎదురుగా నిలబడ్డాను కదమ్మా."

"నిలబడితే? నీ చేత ఎవరు చెప్పిస్తున్నారో నాకేం తెలుసు?"

చాటింపమ్మ తన ఫోను తీసి ఆఫీసు నంబరు నొక్కబోయింది. తల్లి ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "వాళ్ళిచ్చిన నంబరుకు చెయ్యొద్దు, మనకు వేరేగా తెలిసిన నంబరుకే చెయ్యాలి. ఇది కూడా నువ్వు నేర్పిందే." డైరెక్టరీలో వెతికి, ఆఫీసు పెద్ద నంబరుకు చేసి, ముగ్గుర్ని దాటుకుని మేనేజరును పట్టుకుంది. కోర్టులో లాయరు కూడా అంత చక్కగా అడగడు.

"మీరు మేనేజరేనని నాకేంటి నమ్మకం? మా అమ్మాయి కుర్చీ ఎక్కడుంటుంది చెప్పండి."

"కిటికీ పక్కనండి."

"అందరి కుర్చీలూ ఏదో ఒక కిటికీ పక్కనే ఉంటాయి. టీలో పంచదార ఎంత వేసుకుంటుంది?"

మేనేజరు అదే ప్రశ్నను గదిలో అందరినీ అడిగాడు. వెనక నుంచి చిల్లుల బాబాయి గొంతు వినిపించింది. "వేసుకోదమ్మా. వేసుకోనని చెప్పి, పంచదార వేసిన నా కప్పు తాగేస్తుంది."

తల్లి ఫోను దించింది. "ఇది మా పిల్లే," అంది. నమ్మకం కుదిరింది. కుదరగానే మిగతాది అర్థమైంది.

"అంటే, నా మాట విని మూసేసిన వాళ్ళంతా..."

"ఇవాళ సాయంత్రంలోపు అప్‌డేట్ చేసుకోకపోతే, పెద్దమ్మకు అయినట్టే అవుతుంది."

"నాకు కూడానా?"

"నీకు కూడా. నీ పేరుతో రాస్తే అందరూ నమ్ముతారు కదమ్మా. అదే నా భయం."

తల్లి చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది. ఒక్క రాంగ్ నంబరు కలపని మనిషి. ఇప్పుడు ఊరందరికీ ఒకేసారి కలిపింది. గ్రూపుల్లో ఇంకా దణ్ణాలు, మెచ్చుకోళ్ళు వచ్చి పడుతూనే ఉన్నాయి. ఫోను ఆగకుండా కిచకిచలాడుతోంది.

చాటింపమ్మకు తల్లిని అలా చూడటం భరించరానిదిగా అనిపించింది. "నువ్వు చెప్పింది తప్పు కాదమ్మా," అంది. "నేను నేర్పిందే నువ్వు చెప్పావు. జనం నీ మాట విని మూశారు, మంచి పనే చేశారు. నేనే దొంగలా రాశాను." అంటూ అంటూ ఆగింది. ఎర్ర పెట్టె వైపు చూసింది. జనానికి మూయడమే వచ్చు. ఇన్నేళ్ళూ తాను వద్దు వద్దని ఏడ్చింది ఆ మూయడం గురించే. మూస్తే మూయనీ.

ఆమె అక్కడే వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. ఎప్పుడూ కామా దగ్గర గోళ్ళు కొరుక్కునే మనిషి గబగబా రాసేసింది. "ఈ నోటీసును మూసెయ్యండి. ఇందులో నొక్కడానికి ఏమీ లేదు. మూసిన తరవాత, మీ బ్రౌజరులో పైన మూలనున్న మూడు చుక్కల దగ్గరికి మీరే వెళ్ళి, అప్‌డేట్ ఉందేమో మీరే చూసుకోండి. మేం చెప్పామని కాదు, అక్కడ కనిపిస్తేనే చేసుకోండి."

బూడిదరంగు పెట్టె. బటన్ లేదు. మేనేజరుకు పంపి ఫోను చేసింది.

"బటన్ ఏదమ్మా?" అన్నాడాయన. "నోటీసంటేనే బటన్ కదా. మూసెయ్యమని మనమే రాస్తామా?"

"వాళ్ళు ఎలాగూ మూస్తారు సార్. మనం చెప్పి మూయిస్తే ఒక్కసారైనా మన మాట విన్నట్టుంటుంది."

అవతల ఆయన నోటీసును ఇంకోసారి పైకి చదువుకున్నాడు. తరవాత ఆయన నవ్వాడు, పొద్దుటి నుంచి మొదటిసారి. "పంపేస్తున్నా. లాయర్లకు రేపు చెబుతాను."

ముందు తన కంప్యూటరులోనే చేసి చూస్తానంది తల్లి. మూడు చుక్కల దగ్గరికి వెళ్ళింది. అప్‌డేట్ అక్కడ ఉంది. బ్రౌజరు మూసి తెరుస్తానంది అది. తల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు చూసింది చాటింపమ్మ, తెర పైన ట్యాబులు చీమల బారులా ఉన్నాయి.

"ఇవన్నీ పోతాయేమోనే. అందుకే ఎప్పుడూ తరవాత, తరవాత అని నొక్కేదాన్ని."

"ఇన్నెందుకు తెరిచావమ్మా?"

"ఒకటి మూస్తే మళ్ళీ దొరకదని."

నొక్కింది. తెర నల్లబడింది, తల్లి కూతురి మణికట్టు పట్టుకుంది. తెల్లబడింది. ట్యాబులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. తల్లి వాటిని పేరుపేరునా చూసుకుని, "అన్నీ ఉన్నాయే. మరి ఈ మాట ఎవరైనా ముందే చెప్పొచ్చు కదా," అంది. ఆ మాట ఎందుకు రాయలేదని చాటింపమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని, మేనేజరుకు మళ్ళీ ఫోను చేసి, మీ ట్యాబులన్నీ తిరిగి వస్తాయి అన్న ముక్క కూడా కలిపించింది. ఆమె జీవితంలో మొదటిసారి నోటీసు అయిదు వాక్యాలైంది.

ఇక మిగిలింది వాయిస్ మెసేజ్.

"పొద్దున చెప్పినదాని ఊసెత్తకమ్మా," అంది కూతురు. "కొత్త నోటీసు వచ్చింది, ఇది నిజమైనది అని చెప్పు, చాలు."

తల్లి ఫోను నోటి దగ్గర పెట్టుకుని అలాగే మొదలుపెట్టింది. కొత్త నోటీసు వచ్చింది అనేదాకా చెప్పి ఆపింది. చెరిపేసింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ చెరిపేసింది.

"ఇలా చెబితే ఎవరూ వినరే. పొద్దుటిది ఇంకా వాళ్ళ చెవుల్లోనే ఉంది. అది తీస్తేనే ఇది లోపలికి వెళుతుంది."

లేచి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, ఎవరో చూస్తారన్నట్టు. నిలబడే మాట్లాడింది.

"అందరూ శ్రద్ధగా వినండి. ఉదయం నేను తప్పు చెప్పాను. ఆ ఎర్ర పెట్టె నిజమైనదే. దాన్ని రాసింది నా కూతురు. నా కూతురు కంప్యూటర్లు తయారుచేయదు. వాటికి ఏమైనా అయితే మనకు చెప్పడమే దాని పని. చెప్పకూడనప్పుడు చెప్పకపోవడం కూడా దాని పనే. నిన్న నేనడిగితే నాకు కూడా చెప్పలేదు. అలాంటి మనిషి ఇప్పుడు చెబుతోంది కాబట్టి వినండి. బూడిదరంగు నోటీసు వస్తుంది. దాన్ని చదవండి. పూర్తిగా చదివాకే మూయండి. నలుగురికీ చెప్పండి. ఉదయం నా మాట విని ఎంతమందికి చెప్పారో, ఇప్పుడు వాళ్ళలో ఒక్కరిని కూడా వదలకండి."

తప్పు అన్న దగ్గర ఆ గొంతు కొంచెం వణికింది. అయినా చెరపలేదు, పంపేసింది. తన ఉద్యోగం ఏమిటో ఇంత బాగా ఎవరూ చెప్పగా చాటింపమ్మ ఎన్నడూ వినలేదు.

మధ్యాహ్నం తిరిగేసరికి పచ్చగీత లేచి కూర్చుంది. ఆ తరవాత నిలబడింది. ఎండ చల్లబడే వేళకు తెర అంచు దాటి పైకి పోతోందనీ, గీత పట్టేలా కొలతను మార్చాల్సి వచ్చిందనీ సహాయ కేంద్రం అమ్మాయి ఫోను చేసి అరిచింది. మేనేజరు భార్య ఆయనకు రెండో వాయిస్ మెసేజ్ కూడా పంపిందట, ఇది మరీ మరీ వినమని. చిల్లుల బాబాయి రెండు ముక్కలు రాశాడు. "మీ అమ్మగారి మాట విన్నాకే నేనూ అప్‌డేట్ చేసుకున్నాను. చిల్లు కనిపెట్టిన హడావుడిలో నాది మరిచిపోయాను. ఎవరికీ చెప్పకు." చాటింపమ్మ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. కారణం చెప్పకపోయినా తల్లి కూడా నవ్వింది. ఒకరిని చూసి ఒకరు, ఆగుదామనుకున్నప్పుడల్లా మళ్ళీ మొదలుపెట్టి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

నవ్వు తగ్గాక తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని కాసేపు ఆలోచించింది.

"మళ్ళీ చిల్లు పడుతుందా?"

"పడకుండా ఎలా ఉంటుంది? పడుతూనే ఉంటాయి."

"ఈసారి నేనడిగితే ఏం చెబుతావు?"

చాటింపమ్మ ముఖంలో నవ్వు పోయింది. పొద్దుటి నుంచి ఆమె తప్పించుకుంటున్న ప్రశ్న అదే. "నీకు ఇంకెప్పుడూ అబద్ధం చెప్పనమ్మా," అందామని నోరు తెరిచింది.

"ఏమీ రాలేదనే చెప్పు," అంది తల్లి. "ఉద్యోగంలో ఉన్నప్పుడైతే ఆగేదాన్ని. ఇప్పుడు నాకు తెలిస్తే నేనాగలేను, నీకు తెలుసు, నాకూ తెలుసు."

"నేను అలా చెబితే నువ్వు నమ్ముతావా?"

"నమ్మను," అంది తల్లి. "కానీ మళ్ళీ అడగను."

చాటింపమ్మ లేచి రెండు కప్పుల్లో టీ పోసింది. ఒకదాంట్లోనే పంచదార వేసి, తల్లి చూస్తుండగానే ఆ కప్పు తను తీసుకుంది.